ఎరలో ఎంత నిజం?

కౌలాలంపూర్‌కు వాయవ్యంగా, సెలాంగోర్ నది పారే చోట బటాంగ్ బెర్జుంటై అనే చిన్న ఊరుంది. మలయ్ భాషలో బటాంగ్ అంటే మాను, బెర్జుంటై అంటే వేలాడటం. 2007లో ఆ ఊరికి బెస్తారి జయ అని కొత్త పేరు పెట్టారు. పాత పేరు మాత్రం జనం నోట ఇంకా నలుగుతూనే ఉంది. ఒకప్పుడు తగరం తవ్వకాలు, రబ్బరు తోటలు ఆ ప్రాంతాన్ని పోషించాయి. ఇప్పుడు ఎటు చూసినా ఆయిల్ పామ్.

ఆ ఊరి దగ్గరే తెన్నమరం ఎస్టేటు ఉంది. తెన్నమరం అంటే తమిళంలో కొబ్బరిచెట్టు. మన టెంకాయలోని ‘టెం’కీ ఆ ‘తెన్న’కీ చుట్టరికం ఉంది. పేరు కొబ్బరిదే అయినా ఆ ఎస్టేటు చరిత్రకెక్కింది మరో చెట్టు వల్ల. 1917లో ఆంరీ ఫొకోన్యే అనే ఫ్రెంచి తోటల యజమాని అక్కడ ఆయిల్ పామ్ నాటించాడు. మలయాలో వ్యాపారం కోసం వేసిన మొదటి ఆయిల్ పామ్ తోట అదే. అంతకు ముందు ఆ చెట్టు అక్కడ అందానికి పెంచుకునే ఆఫ్రికా మొక్క మాత్రమే. ఆ ఫొకోన్యేకే 1930లో, మలయా జీవితం మీద రాసిన నవలకు ఫ్రాన్సులో గోంకూర్ బహుమతి వచ్చింది. మలయా తోటల్లో తమిళులతో పాటు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కిన మనవాళ్ళూ చెమటోడ్చారు.

కొబ్బరి పేరున్న తోటలో ఆయిల్ పామ్ ఉందన్న తేడా ఒక జీవికి అసలు పట్టలేదు. అది కొమ్ము పురుగు. కోనసీమ రైతుకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుపోయి, ఇంకా విచ్చుకోని ఆకును లోపలే కొరికేస్తుంది. కొన్ని వారాల తర్వాత ఆ ఆకు విచ్చుకున్నప్పుడు ఎవరో కత్తెర పట్టి తీరిగ్గా కత్తిరించినట్టు రెండు వైపులా ఏటవాలు కోతలు కనిపిస్తాయి. కొబ్బరి మీద బతకడం నేర్చిన ఈ పురుగు, తాటి కుటుంబానికే చెందిన ఆయిల్ పామ్‌ను కూడా సొంతిల్లు చేసుకుంది. ఇవాళ మలేసియా లేత తోటలకు పెద్ద బెడదల్లో అదొకటి. దాన్ని పట్టడానికి అక్కడివాళ్ళు వాడే ఆయుధం వాసన.

వాసనతో జంతువును రప్పించడం పాత విద్య. అమెరికాలో కొయోటీలకూ రకూన్లకూ బోనులు పెట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్ళ మొదటి ప్రశ్న కూడా ఇదే: ‘ఏ ఎర కొనాలి? ఏ సెంటు మంచిది?’ కొయోటీ అంటే తోడేలుకూ మన గుంటనక్కకూ నడుమ నిలిచే జంతువు. రకూన్ అంటే కళ్ళ చుట్టూ నల్ల గంతలు కట్టుకున్నట్టుండే, చేతివేళ్ళతో ప్రతిదీ తడిమి చూసే రాత్రి సంచారి. మలేసియా అడవుల్లో ఈ రెండూ లేవు. కానీ ఆ ప్రశ్నకు జవాబు మాత్రం తెన్నమరం లాంటి తోటల్లో శుభ్రంగా దొరుకుతుంది. ఎర అంటే మరో జీవి భాషలో మనం చెప్పే అబద్ధం. ఆ భాష రాకుండా ఎంత ఖరీదైన సీసా కొన్నా దండగే.

బకెట్‌లో ఏముంది?

కొమ్ము పురుగు బుట్టను దగ్గరగా చూద్దాం. అదొక మామూలు ప్లాస్టిక్ బకెట్. పైన రెండు రేకులు ఒకదానికొకటి అడ్డంగా, గుణకారం గుర్తులా నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్య వేలు పొడవు కూడా లేని ప్లాస్టిక్ సంచి వేలాడుతుంది. బకెట్ అడుగున వాననీళ్ళు పోవడానికి సన్నని బెజ్జాలు. దీన్ని గుంజకు, లేత చెట్ల తలల కంటే కాస్త ఎత్తుగా కడతారు. పొద్దు వాలాక పురుగులు ఎగరడం మొదలుపెడతాయి. బరువైన ఒళ్ళు, మొరటు ఎగురుడు. వాసన వెంబడి వచ్చి రేకుకు ఠప్పున కొట్టుకుని కింద పడతాయి. ఇరుకు బకెట్‌లో రెక్కలు విప్పి మళ్ళీ లేవడం వాటి వల్ల కాదు.

తెల్లారాక బకెట్ వంచి చూస్తే బొటనవేలంత నల్లటి పురుగులు. తల మీద కొమ్ము మగవాటికి సాధారణంగా పెద్దది, ఆడవాటికి చిన్నది. కానీ కొమ్మును నమ్ముకుంటే పొరబడతాం, పొట్టి కొమ్ము మగవీ ఉంటాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు పురుగును తిరగేసి తోక కొస చూస్తారు. ఎర్రటి నూగు గుబురుగా ఉంటే ఆడది. తల దగ్గర రెండు కురచ మీసాలుంటాయి. వాటి చివర్లు పుస్తకం పుటల్లా విచ్చుకుంటాయి. దాని ముక్కు అదే. గాలిలో కొట్టుకొచ్చే వాసన అణువులు ఆ పుటల మీద వాలతాయి.

ఆ చిన్న సంచిలో ఉన్న రసాయనం పేరు ఇథైల్ 4-మిథైల్ ఆక్టనోయేట్. కొమ్ము పురుగు మగది విడిచే వాసనలో ముఖ్యమైనది ఇదేనని 1995లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. దీనికి మన వంటింట్లో ఒక దగ్గరి బంధువు ఉంది. ఈ అణువులోంచి ఇథైల్ భాగాన్ని తీసేస్తే మిగిలే ఆమ్లమే మేక, గొర్రె మాంసానికి ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చేవాటిలో ఒకటి. మాంసం కూర ఉడుకుతుంటే వీధి చివరికి తెలిసే ఆ ఘాటు, పురుగుల లోకంలో చిన్న మార్పుతో ‘ఇటు రండి’ అన్న కబురయింది.

తెలుగులో ఇలాంటివాటిని లింగాకర్షక బుట్టలు అంటున్నాం. పత్తి చేలో గులాబి రంగు పురుగుకు పెట్టే బుట్ట విషయంలో ఆ మాట అతికినట్టు సరిపోతుంది. అక్కడి ఎర ఆడ రెక్కలపురుగు వాసనకు నకలు. వచ్చేది మగవి మాత్రమే. కొమ్ము పురుగు కథ వేరు. ఇక్కడ కబురు పెట్టేది మగది, వచ్చేవి ఆడా మగా రెండూ. లెక్కపెడితే తరచు ఆడవే ఎక్కువ. అది పెళ్ళి పిలుపు కంటే సంత దండోరాకు దగ్గర: ఇక్కడ తిండి ఉంది, తోడు ఉంది, కాపురానికి చోటుంది అని. రైతుకు ఈ తేడా చిన్నది కాదు. మగవాటిని పడితే జంటలు తగ్గుతాయేమో గానీ, మిగిలిన ఒక్క మగది ఎన్నో ఆడవాటిని కలవగలదు. గుడ్లు పెట్టబోయే ఆడది బకెట్‌లో పడితే రేపటి పురుగులు కూడా దానితోనే పోయినట్టు.

నాలుగు రకాల అబద్ధాలు

కొయోటీ బోనుల దుకాణంలో సీసాలు వందల రకాలుండొచ్చు. విడదీసి చూస్తే అవన్నీ నాలుగు మాటలే.

మొదటిది ఆకలి మాట. కుళ్ళిన మాంసం, చేపనూనె, పులిసిన గుడ్డు ఈ జాతివి. మన ఇళ్ళలో ఎలుకల బోనుకు కాల్చిన కొబ్బరి ముక్కో, ఎండు చేపో, పకోడీయో గుచ్చడం ఇదే శాస్త్రం. పచ్చి కొబ్బరిని ఎందుకు కాలుస్తాం? వేడికి కొత్త వాసనలు పుట్టి గాలిలోకి లేస్తాయి కాబట్టి. ఈ వాసన సంచులు రాకముందు మన కొబ్బరి తోటల్లో కొమ్ము పురుగుకు పెట్టిన ఎర కూడా ఆకలిదే. కిలో ఆముదపు పిండిని ఐదు లీటర్ల నీళ్ళలో కలిపి, కుండల్లో పోసి తోటలో అక్కడక్కడా పెట్టేవారు. అది పులిసి కంపు కొడుతుంటే పురుగులు వచ్చి పడేవి.

రెండోది బంధువుల మాట. జంతువులు తమ గ్రంథుల నుంచి విడిచే వాసన ఊళ్ళో గోడ మీద అంటించిన కాగితం లాంటిది. ఎవరు వచ్చారు, ఆడా మగా, ఎప్పుడు వెళ్ళారు, అన్నీ అందులో ఉంటాయి. ఈ సంగతి తెలుగువాడికి కొత్త కాదు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి అద్దే పునుగు తైలం పునుగు పిల్లి గ్రంథి నుంచి వచ్చిందే. ఆ జాతి పిల్లుల సుగంధంలో ముఖ్యమైన సివెటోన్ అణువు నిర్మాణాన్ని 1926లో లియోపోల్డ్ రుజిచ్కా తేల్చాడు. 17 కర్బన పరమాణువుల వలయం అది. అంత పెద్ద వలయం నిలబడదని రసాయనవేత్తలు నమ్ముతున్న రోజులవి. 1939లో ఆయనకు దక్కిన నోబెల్ బహుమతి వెనుక ఈ పనీ ఉంది.

అడవి పిల్లి జాతులకు ఆ వాసనంటే ఎంత ఆసక్తో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో తేలింది. 2003లో అక్కడ రెండు డజన్ల సెంట్లను పరీక్షిస్తే చీతాలు ఎక్కువసేపు వదలకుండా మూచూసినది ‘అబ్సెషన్ ఫర్ మెన్’ అనే మగవాళ్ళ సెంటు. అందులోని కృత్రిమ సివెటోనే కారణమని భావిస్తారు. 2018లో ఆదిలాబాద్ సరిహద్దుకు దగ్గర్లో, మహారాష్ట్రలోని పాండర్‌కవడా అడవుల్లో అవని అనే ఆడపులి కోసం గాలించినప్పుడు అటవీ అధికారులు ఆ సెంటును కూడా ప్రయోగించారు. ఆ కథ నవంబరు 2 రాత్రి తుపాకీ గుండుతో ముగిసింది.

మూడోది సరిహద్దు మాట, అంటే మూత్రం. కొయోటీ తన హద్దుల్లో పరాయి మూత్రం వాసన తగిలితే ఆగి చూడక మానదు. మలేసియా అడవుల్లో బింటురాంగ్ అనే నల్లటి జంతువు ఉంది, పునుగు పిల్లి కుటుంబానిదే. అది తిరిగిన చోట అప్పుడే వేయించిన పాప్‌కార్న్ వాసన వస్తుంది. ఆ వాసన దాని మూత్రానిదని, అందులోని ముఖ్య అణువు 2-అసిటైల్-1-పైరోలీన్ అని 2016లో వెల్లడించారు. బాస్మతి అన్నానికి పరిమళం ఇచ్చేదీ అదే. మలేసియా వంటింట్లో అన్నంలో వేసే పాండన్ ఆకుకు పరిమళం ఇచ్చేదీ అదే. ఆ పాండన్ మన మొగలికి దగ్గర చుట్టం. తోటల్లో తిరిగే మామూలు పునుగు పిల్లిని కూడా మలయ్‌లు ‘ముసాంగ్ పాండన్’ అనే అంటారు. ఒకే అణువు మనకు బిర్యానీ, బింటురాంగ్‌కు చిరునామా. వాసనకు సొంతంగా అర్థం లేదు, మూచూసే ముక్కును బట్టే అర్థం.

నాలుగోది వింత మాట. ఇది తిండీ కాదు, బంధువూ కాదు. ‘ఇదేమిటబ్బా’ అనిపించడమే దీని పని. అమెరికాలో స్కంక్ అనే జంతువు చిమ్మే దుర్గంధాన్ని వేటగాళ్ళు ఒకటి రెండు చుక్కలు వాడేది ఇందుకే. అది చాలా దూరం పోతుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా మోజుపడేది ఈ సీసాల మీదే. నక్క పుట్టి మూడు వారాలు కాలేదు, ఇంత గాలివాన తన జన్మలో చూడలేదందట. అలాగే మూడు రాత్రులు బోను పెట్టినవాడు ముప్ఫై సెంట్ల గురించి తీర్పులు చెబుతాడు. ఆకలి ఎర ఒకటి, గ్రంథి ఎర ఒకటి, మూత్రం కొంచెం ఉంటే మొదటి ఏడాదికి చాలు. మిగతా డబ్బు చెప్పులకు ఖర్చు పెట్టాలి. అడుగుజాడలు వెతుక్కుంటూ తిరగాలి కదా.

ఎవరు రాకూడదు?

ఎర ఎంచుకునేటప్పుడు ఎవరు రావాలన్నది సగం ప్రశ్న. ఎవరు రాకూడదన్నది మిగతా సగం. రకూన్‌కు చేప అంటే ప్రాణం, కానీ చేప పెడితే ముందు పక్కింటి పిల్లి వస్తుంది. అందుకే జనావాసాల దగ్గర రకూన్ బోనుల్లో తీపి పెడతారు. మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి అందులో పేరు పొందింది. పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని గుర్తించడానికి కావాల్సిన జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో చెడిపోయి ఉందని 2005లో తేలింది. పిల్లి పాల గిన్నె చుట్టూ తిరిగేది కొవ్వు కోసం, చక్కెర కోసం కాదు. ఇక కుక్కలకు తీపి తెలుసు కాబట్టి వాటిని ఆపడానికి ఎర చాలదు, బోనే మారాలి. సన్నటి గొట్టం లోపల ఎర ఉంచి, చెయ్యి దూర్చి పట్టుకుని లాగితేనే పనిచేసే బోను తయారుచేశారు. అలా వేళ్ళతో పట్టి లాగే అలవాటు రకూన్‌ది, కుక్కది కాదు. ఎర వాసనను, బోను చేతి అలవాటును వడపోస్తాయి.

ఇంతకన్నా సన్నటి వడపోత మన మామిడి తోటల్లో ఉంది. 1912లో బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేసే ఎఫ్.ఎం. హౌలెట్ ఒక చిత్రం నమోదు చేశాడు. దోమల కోసం సిట్రొనెల్లా నూనె రాసుకున్న చోటికి పండుఈగలు గుంపులుగా వస్తున్నాయి, అన్నీ మగవే. వాటిని లాగుతున్నది మిథైల్ యూజినాల్ అని తర్వాత తెలిసింది. తులసిలోనూ అది ఉంటుంది. ఇవాళ మామిడి రైతులు కాయ ముదిరే వేళ కట్టే పండుఈగ బుట్టల్లో పోసేది ఇదే. మగ ఈగకు అదెందుకంత పిచ్చి? పినాంగ్‌లోని మలేసియా శాస్త్ర విశ్వవిద్యాలయంలో టాన్ కెంగ్ హాంగ్, జపాన్‌కు చెందిన నిషిదా రిత్సువో ఏళ్ళ తరబడి దీని మీద పనిచేశారు. మగ ఈగ దాన్ని తిని, ఒంట్లో మార్చుకుని, ఆడ ఈగను మెప్పించే అత్తరుగా వాడుకుంటుందని చూపారు. అంటే ఆ ఈగకు మనం పెట్టే ఎర తిండీ కాదు, ఆడదాని వాసనా కాదు. పెళ్ళికి బయల్దేరేవాడికి కనిపించిన అత్తరు దుకాణం.

ఎప్పుడు, ఎక్కడ

ఒకే వాసన జనవరిలో కబురు, జులైలో ఉత్త గాలి. కొయోటీలు జతకట్టేది చలికాలం చివర, జనవరి నుంచి మార్చి దాకా. ఆ రోజుల్లో గ్రంథి ఎరలకు, మూత్రానికి బలం. ఆకురాలు కాలంలో కొత్తగా తల్లిని విడిచిన కుర్ర కొయోటీలు ఆకలితో, అమాయకంగా తిరుగుతాయి. అప్పుడు తిండి ఎర చాలు. వాతావరణం కూడా లెక్కే. వాసన అంటే గాలిలోకి ఎగిరే అణువులు. గడ్డకట్టే చలిలో అవి అంతగా ఎగరవు, అందుకే అమెరికా ఉత్తర ప్రాంతాల వేటగాళ్ళు గడ్డకట్టని నూనెల్లో కలిపి, ఘాటు ఎక్కువున్నవి వాడతారు.

సెలాంగోర్‌లో చిక్కు దీనికి తలకిందులు. ఎండకు ఎర త్వరగా ఆవిరైపోతుంది, వానకు కొట్టుకుపోతుంది. కొమ్ము పురుగు సంచి గోడ మందం లెక్కగట్టి చేసేది ఇందుకే. రసాయనం రోజుకు ఇంత అని పొదుపుగా బయటికి రావాలి. రెండు మూడు నెలలకు సంచి మార్చాలి. మార్చడం మరిచిన బుట్ట దిష్టిబొమ్మతో సమానం. ఆయిల్ పామ్ తోటల్లో ఎలుకలకు పెట్టే ఎరను మైనంతో గట్టి ముద్దలు చేసేది కూడా ఆ వానకు తట్టుకోవడానికే.

అన్నిటికన్నా పెద్ద తప్పు చోటు దగ్గర జరుగుతుంది. కొయోటీ ఎరను గాలి వచ్చే వైపున, అది నడిచే దారికి పక్కగా పెట్టాలి. గాలి ఆ దారి మీదుగా వీయాలి. దారికి మరో పక్కన పెడితే ఎంత మంచి సీసా అయినా వెనక్కి తిరిగి చెప్పిన రహస్యమే. కొమ్ము పురుగు బుట్టకు ఇంకో ప్రమాదం ఉంది. అది నిజంగానే పిలుస్తుంది. పిలుపు విని వచ్చిన ప్రతి పురుగూ బకెట్‌లోనే పడదు. కొన్ని పక్క చెట్టు మొవ్వులో దిగుతాయి. తోట నడిబొడ్డున, లేత మొక్కల మధ్య బుట్ట కట్టినవాడు దొంగల్ని పట్టడానికి పెట్టెను వాకిట్లో తెరిచిపెట్టినట్టే. అందుకే బుట్టలను వీలైనంత వరకు అంచుల్లో, పురుగు వచ్చే దిక్కున కడతారు. మామూలుగా రెండు హెక్టార్లకు ఒకటి లెక్క.

పురుగు ఎక్కడి నుంచి వస్తుంది? తోటలోంచే. ఆయిల్ పామ్‌ను పాతికేళ్ళకోసారి నరికి కొత్తది నాటుతారు. మునుపు నరికిన మానులను తగలబెట్టేవారు. పొగ వద్దని 1990ల నుంచి మలేసియా తోటలు మానులను చీల్చి నేల మీదే కుళ్ళనిస్తున్నాయి. గాలికి మేలు, నేలకు మేలు. కొమ్ము పురుగుకు కూడా మేలే: దాని పిల్లపురుగులు పెరిగేది కుళ్ళే చెక్కలోనే. మన దగ్గర పెంటకుప్ప చేసే పనిని అక్కడ ఎకరాల కొద్దీ మానులు చేస్తున్నాయి. పక్కనే పుట్టిల్లు, ఎదురుగా లేత మొవ్వు. ఈ రెంటి మధ్య వేలాడే బకెట్ ఒక్కటే యుద్ధం గెలవలేదు.

అందుకని వాసనకు తోడు జబ్బును కూడా దించారు. 1963లో జర్మన్ శాస్త్రవేత్త అలోయిస్ హ్యూగర్ మలేసియాలోనే ఈ పురుగును చంపే ఒక వైరస్‌ను కనుగొన్నాడు. సమోవా దీవుల్లో 1909లో సిలోన్ రబ్బరు మొలకలతో పాటు చేరిన కొమ్ము పురుగు అప్పట్లో కొబ్బరిని ఊచకోత కోస్తుండేది. 1967లో ఆ వైరస్‌ను అక్కడ వదిలితే పురుగు తగ్గింది. పచ్చటి బూజుగా కనిపించే మెటారైజియం శిలీంధ్రం మరో తోడు. దీన్ని కుప్పల్లో చల్లితే పిల్లపురుగులు బూజుపట్టి చస్తాయి. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం కొబ్బరి పురుగుల మీద ఇలాంటి జీవాయుధాల కోసమే రైతులకు తెలిసిన పేరు.

నేర్చుకునేవాళ్ళు

కొమ్ము పురుగు బుట్టకు ఒక సౌలభ్యం ఉంది: పడిన పురుగు బయటికొచ్చి ఎవరికీ చెప్పదు. ఎలుక, కొయోటీ అలా కాదు. వాటికి జ్ఞాపకం ఉంది.

ఎలుక కొత్త తిండిని మొదట కాస్తే కొరుకుతుంది. కడుపులో తేడా చేస్తే జన్మలో ముట్టదు. గోదావరి డెల్టాలో వరి రైతుకు వ్యవసాయ శాఖ చెప్పే పద్ధతి దీన్ని దృష్టిలో పెట్టుకున్నదే. ముందు రెండు రోజులు ఉత్త నూకలకు నూనె పట్టించి కన్నాల దగ్గర పెట్టాలి. నమ్మకం కుదిరాక, 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు జింక్ ఫాస్ఫైడ్. ఈ లెక్కలో విషం రెండే పాళ్ళు, నమ్మకం తొంభై ఎనిమిది. తొలిరోజే విషం పెడితే బతికిన ఎలుకలు మళ్ళీ ఆ నూకల జోలికి రావు.

కొయోటీ దీనికన్నా రెండాకులు ఎక్కువే చదివింది. తనకు బాగా తెలిసిన చోట కొత్త వస్తువు కనిపిస్తే అది దూరం నుంచే తప్పుకుంటుంది. తెలియని చోట తిరిగేటప్పుడు అంత జాగ్రత్త ఉండదు. మనిషి చేతి వాసన అంటిన బోను, ఒకసారి కాలు నొక్కి వదిలేసిన బోను దానికి జీవితాంతం పాఠం. అందుకే పాతకాపులు ఎర కన్నా చేతొడుగులకు, చెప్పులకు ఎక్కువ విలువిస్తారు. రోజూ అదే సీసా, అదే చోట వాడితే ఆ వాసన క్రమంగా బెదిరింపుగా మారిపోతుంది. అబద్ధం ఎన్నిసార్లు చెబితే అంత పలచనవుతుంది.

పట్టాలన్న ఉద్దేశం లేనప్పుడు కూడా ఈ విద్యకు విలువ ఉంది. 1970ల్లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు కొయోటీల లెక్క తేల్చడానికి దారి పక్కన మట్టి జల్లించి మీటరు వెడల్పు గుండ్రటి చోటు చదును చేసేవారు. మధ్యలో కొవ్వు ఆమ్లాల వాసన గల ఎర. మరునాడు ఆ మట్టి మీద పడ్డ అడుగుల్ని లెక్కపెట్టేవారు. బోను లేదు, ప్రాణహాని లేదు. ఇవాళ ఆ చోట కెమెరా నిలబడింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం, మలేసియాలో 2010 నాటి చట్టం అనుమతి లేకుండా అడవి జంతువును పట్టనివ్వవు. ఇక్కడ ఎర నేర్చుకోవాలనుకునేవారికి కెమెరానే సరైన బోను.

అందరికన్నా నేర్పరి

తెన్నమరంలో అందరికన్నా నేర్పరి అయిన వేటగాడు పురుగుల బుట్ట కట్టే మనిషి కాదు, ఆయిల్ పామ్ చెట్టే.

ఆ చెట్టుకు మగపూల గుత్తులు, ఆడపూల గుత్తులు వేర్వేరుగా వస్తాయి. మగ గుత్తి విచ్చుకున్నప్పుడు దగ్గరికి వెళితే సోంపు వాసన కొడుతుంది. ఆ అణువు పేరు ఎస్ట్రగోల్. పచ్చటి వేళ్ళలా ఉన్న ఆ కంకుల మీద నువ్వుగింజ కన్నా కాస్త పెద్దవైన నల్లటి ముక్కుపురుగులు వందల్లో పాకుతుంటాయి. పుప్పొడి తింటాయి, అక్కడే గుడ్లు పెడతాయి, పిల్లలు ఆ వాడిన పూలలోనే పెరుగుతాయి. ఆడ గుత్తిలో వాటికి తినడానికీ, గుడ్లు పెట్టడానికీ ఏమీ లేదు. అయినా ఆడ గుత్తి కూడా కొద్దికొద్దిగా, ఆగి ఆగి అదే సోంపు వాసన విడుస్తుంది. మగ గుత్తి అనుకుని ఒంటి నిండా పుప్పొడితో వచ్చిన పురుగు తిరిగి చూసి, ఏమీ లేదని వెళ్ళిపోతుంది. ఈలోగా కాయ కట్టడం మొదలవుతుంది.

ఈ పురుగు పుట్టిల్లు ఆఫ్రికా. ఆయిల్ పామ్ మలయాకు వచ్చినప్పుడు అది వెంట రాలేదు. అరవై ఏళ్ళకు పైగా ఆ తోటల్లో చెట్లు పిలుస్తూనే ఉన్నాయి, వినే ముక్కు లేదు. కూలీలు పుప్పొడి పట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగి చేత్తో పరాగం చల్లాల్సి వచ్చేది. 1981లో కామెరూన్ నుంచి ఆ ముక్కుపురుగును తెచ్చి మలేసియాలో వదిలారు. అది తోట నుంచి తోటకు పాకిపోయింది, చేత్తో చల్లే పని ఆగిపోయింది, గెలలు నిండాయి. భారతదేశానికి కూడా దాన్ని తెచ్చారు. ఏలూరు దగ్గర పెదవేగి చుట్టుపక్కల ఇవాళ ఆయిల్ పామ్ గెల కోసే రైతు, ఆ గెల నిండటానికి సోంపు వాసనతో జరిగిన చిన్న మోసానికి రుణపడి ఉన్నాడు.

చెట్టు ఆ మోసాన్ని ఎలా నిలబెట్టుకుంటోందో చూస్తే కొత్తగా బోను పట్టినవాడు నేర్చుకోవలసినదంతా అందులోనే దొరుకుతుంది. ఆడ పువ్వు ఒక్కటే ఉండి, ఎప్పుడూ ఖాళీ చేతులతో పిలిస్తే ముక్కుపురుగు ఎప్పుడో ఆ వాసనను పట్టించుకోవడం మానేసేది. మగ గుత్తి ప్రతిసారీ నిజంగానే తిండి పెడుతుంది కాబట్టి, ఆడ గుత్తి అప్పుడప్పుడూ చెప్పే అబద్ధం చెల్లుతోంది. గోదావరి రైతు రెండు రోజులు ఉత్త నూకలు పెట్టి తర్వాత విషం కలిపినా, కుర్ర కొయోటీ ఆకలి రోజుల్లోనే తిండి వాసన వేసినా, అంతా ఆ చెట్టు లెక్కే. దుకాణంలో సీసా మూత తీసి మూచూసి ‘బాగుందా’ అని అడగడం వల్ల ఉపయోగం లేదు. ఆ వాసన ఆ నేల మీద, ఆ నెలలో, ఆ జీవికి మామూలుగా నిజమవుతుందా అని అడగాలి. తెన్నమరంలో ఆ ప్రశ్నకు సరైన జవాబు 1917లో నాటిన రోజు నుంచీ చెట్టు దగ్గర ఉంది. అది వినే ముక్కు అక్కడికి చేరడానికి 64 ఏళ్ళు పట్టింది.